బడి గోడపై ప్రతి బొమ్మకూ ఒక చోటు

ప్రభుత్వరంగ సంస్థల కాలనీలలో పాఠశాల ఒక ముఖ్యమైన కూడలి. షిఫ్టు ముగించుకొని వచ్చే తండ్రులు, పిల్లలను తీసుకువెళ్లడానికి వచ్చే తల్లులు, సెలవులకు వచ్చిన తాతలు, అమ్మమ్మలు అందరూ ఏదో ఒకనాడు ఆ వరండాలో నిలబడవలసినవారే. అక్కడ గోడకు బిగించి ఉండే డిస్‌ప్లే బోర్డుపై ఒక్కసారైనా చూపు నిలపనివారు అరుదు. పిల్లలు గీసిన బొమ్మలకు అదే తొలి ప్రదర్శనశాల. అయితే ఆ బోర్డును ఎవరు తయారు చేస్తున్నారు, దానికి ఎంత సమయం వెచ్చిస్తున్నారు, అందులో పిల్లల వాటా ఎంత అనే ప్రశ్నలు మాకు చాలాకాలం తోచలేదు. అవి తోచిన సందర్భాన్ని, ఆ తరువాత మేము అనుభవం మీద నేర్చుకొన్న పద్ధతులను ఇతర యూనిట్లలోని సహోద్యోగులతోను, వారి కుటుంబ సభ్యులతోను పంచుకోవాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మేము చేసిన పొరపాటు

2019 నవంబరులో బాలల దినోత్సవం దగ్గర పడుతున్న రోజులు. అప్పటికి మా కాలనీ పాఠశాలలో డ్రాయింగు మాస్టారి స్థానం ఖాళీగా ఉండేది. మూడవ తరగతి టీచరుగారు ఒకరోజు సాయంత్రం మమ్మల్ని కలిసి, "సార్, ఈ బోర్డు తయారు చేయడానికి ప్రతిసారీ మాకు రెండు ఆదివారాలు పోతున్నాయి. మీ మెయింటెనెన్స్ వారు ఏమైనా సాయం చేయగలరా?" అని అడిగారు. యంత్రాలను నడిపించేవారికి ఒక చెక్క పలకను అలంకరించడం ఏపాటి పని అనుకొని వెంటనే ఒప్పుకొన్నాము.

విభాగం నుండి ముగ్గురము, మా ఇళ్ల నుండి ఇద్దరు గృహిణులు, మొత్తం ఐదుగురము మూడు సాయంకాలాలు కూర్చున్నాము. థర్మోకోలుతో కర్మాగారం నమూనా చేశాము. బంగారురంగు కాగితంతో అక్షరాలు కత్తిరించాము. చుట్టూ ముడతల కాగితంతో అంచు కట్టాము. మధ్యలో మిగిలిన చోట బాగున్నవని మాకు తోచిన పన్నెండు బొమ్మలను అంటించాము. మరునాడు చూసినవారందరూ మెచ్చుకొన్నారు. ఫొటోలు తీసుకొన్నారు.

మధ్యాహ్నం మేము సామాను సర్దుకొంటూ ఉండగా ఒక పాప వచ్చి బోర్డును ఈ చివర నుండి ఆ చివర వరకు చూసి, "అంకుల్, నా బొమ్మ ఎక్కడ పెట్టారు?" అని అడిగింది. ఈసారికి కొన్నిటినే పెట్టామని, వచ్చేసారి తప్పక పెడతామని నచ్చచెప్పబోయాము. ఆ పాప మా మాట వినడం లేదు. నేలవైపు చూస్తున్నది. రంగులు ఒలికి గచ్చు పాడవకుండా మేము పరచిన కాగితాలలో ఒకటి తన బొమ్మ. మేము వెనుక వైపున్న తెల్లదనాన్ని చూసి, పనికిరాని కాగితాలనుకొని పరచినవన్నీ మిగిలిన ముప్పైమంది పిల్లల బొమ్మలు. ఆ పాప బొమ్మపై జిగురు డబ్బా పెట్టిన చోట గుండ్రని మరక పడింది.

బొమ్మను పైకి తీసి చూశాము. రాత్రి షిఫ్టుకు బస్సెక్కుతున్న తండ్రి. తలపై హెల్మెట్, చేతిలో టిఫిన్ క్యారియర్. బస్సు ముందు భాగంలో 7 అనే అంకె. ఆ బస్సులో మేము కూడా ఏళ్ల తరబడి ప్రయాణం చేశాము. తరువాత వాకబు చేస్తే వారి లైనుకు వచ్చే బస్సు నంబరు ఏడేనని తెలిసింది. ఎనిమిదేళ్ల పిల్ల అంత శ్రద్ధగా చూసి గీసిన దానిని మేము డబ్బా కింద పరచుకొన్నాము.

ఆ రాత్రి లెక్క వేసుకొన్నాము. ఐదుగురము, మూడు సాయంకాలాలు, రోజుకు రెండున్నర గంటలు. మొత్తం ముప్పై ఏడున్నర పనిగంటలు. అందులో పిల్లల బొమ్మలను చేత పట్టుకొన్న సమయం అరగంటకు మించదు. మిగిలిన ముప్పై ఏడు గంటలూ మా పనితనాన్ని మేము ప్రదర్శించుకోవడానికే సరిపోయాయి. టీచరుగారి ఆదివారాలు పోవడానికీ కారణం అదే. బోర్డుకు పట్టే సమయంలో ఎక్కువ భాగాన్ని అలంకరణ తినేస్తున్నది, బొమ్మలు కాదు.

కొలతలతో మొదలు

తరువాత కరోనా కారణంగా బడులు మూతపడ్డాయి. తిరిగి తెరిచాక టీచరుగారితో కలిసి పని మొదలుపెట్టాము. ఈసారి ఒకే ఒక నియమం పెట్టుకొన్నాము. తరగతిలో ఎంతమంది ఉంటే అన్ని బొమ్మలూ బోర్డు మీద ఉండాలి. మిగతా పద్ధతులన్నీ ఈ నియమం నుండి పుట్టినవే.

సాధారణంగా బడులలో ఉండే బోర్డు ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల ఎత్తు. అంటే సుమారు 2440 మిల్లీమీటర్లు, 1220 మిల్లీమీటర్లు. ఏ4 కాగితం వెడల్పు 210, ఎత్తు 297. వాటిని నిలువుగా వరుసకు తొమ్మిది చొప్పున మూడు వరుసలు పెడితే 27 బొమ్మలు పడతాయి. తరగతిలో 42 మంది ఉన్నారు. పదిహేనుమందికి చోటు లేదు. ఈ లెక్క ఎవరూ వేయరు కనుక, ఆ పదిహేనుమంది ఎవరనేది ప్రతిసారీ పెద్దల అభిరుచిని బట్టి తేలుతుంది. ఒకసారి మిగిలిపోయినవారు తరచుగా మిగిలిపోతూనే ఉంటారు.

అదే ఏ4 కాగితాన్ని సగానికి కత్తిరిస్తే 148, 210 మిల్లీమీటర్ల ముక్క వస్తుంది. వరుసకు పన్నెండు చొప్పున నాలుగు వరుసలు పెడితే 48 బొమ్మలు పడతాయి. బొమ్మకూ బొమ్మకూ మధ్య ఐదు సెంటీమీటర్ల ఎడం, వరుసల మధ్య ఏడున్నర సెంటీమీటర్ల ఎడం మిగులుతుంది. ఆ ఎడంలో పేరు రాసిన చీటీ చక్కగా పడుతుంది. 42 మందికీ చోటు దొరికి, ఇంకా ఆరు గళ్లు మిగులుతాయి. కొత్తగా బదిలీపై వచ్చే ఉద్యోగుల పిల్లలకు అవి ఉపయోగపడ్డాయి. కాగితం చిన్నదైనందువల్ల మరొక మేలు కూడా కలిగింది. పెద్ద డ్రాయింగు షీటును నింపలేక సగంలో వదిలివేసే పిల్లలు సగం కాగితాన్ని ఒక పీరియడ్‌లోనే పూర్తి చేయగలుగుతున్నారు.

ఒకసారి చేసే పని, నెలనెలా చేసే పని

కర్మాగారంలో ప్రతి పనికీ పునాది వేరు, నడక వేరు. పునాదిని గట్టిగా ఒకసారి వేసుకొంటే నడక తేలికవుతుంది. బోర్డుకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది.

నేపథ్యానికి రంగు కాగితం వాడితే వెలుతురు తగిలి నెలరోజులలో వెలిసిపోతుంది. ప్రతిసారీ మార్చవలసి వస్తుంది. ముదురు నీలం లేదా నలుపు రంగు మందపాటి నూలుగుడ్డను బోర్డు వెనుకకు మడిచి బిగిస్తే ఏడాది పొడవునా ఉంటుంది. వేసవి సెలవులలో విప్పి ఉతుక్కోవచ్చు. ముదురు రంగుపై ఏ రంగు బొమ్మ అయినా ఎత్తి కనిపిస్తుంది. అంచుకు కాగితపు పూలు, మెరుపు తోరణాలు అవసరం లేదు. గుడ్డపైనే తెల్ల పెయింటుతో ఐదవ తరగతి పిల్లలు చుక్కల ముగ్గు వేశారు. అది ఇప్పటికీ చెక్కు చెదరలేదు.

బొమ్మలను అంటించడం మానివేశాము. జిగురు పెడితే తీసేటప్పుడు బొమ్మ చిరుగుతుంది. మైదా జిగురుకైతే బొద్దింకలు, పుస్తకాల పురుగులు చేరతాయి. డ్రాయింగు పిన్నులు వానాకాలంలో తుప్పుపట్టి కాగితంపై మరకలు చేస్తాయి. ఊడిపడితే పిల్లల పాదాలలో గుచ్చుకొంటాయి. అందువల్ల బోర్డు వెడల్పునా నాలుగు నైలాను తాళ్లు బిగువుగా కట్టి, ఒక్కొక్కదానికి పన్నెండు చిన్న క్లిప్పులు తగిలించాము. తాడు నడుమ జారకుండా మధ్యలో ఒక మేకు ఆధారం ఉండాలి. ఫ్యాను గాలికి బొమ్మలు రెపరెపలాడకుండా ప్రతి వరుస అడుగున దర్జీలు వాడే ఎలాస్టిక్‌ను సాగదీసి కట్టి, బొమ్మ కింది అంచును దాని వెనుకకు దోపుతాము. ఈ ఏర్పాటుకంతటికీ ఒక ఆదివారం పట్టింది. ఇప్పుడు బొమ్మలు మార్చడానికి నలుగురు పిల్లలు, ఒక టీచరుగారు ఉంటే నలభై నిమిషాలు చాలు.

శీర్షిక అక్షరాల గురించి ఒక మాట. ఇంగ్లీషులో 26 అక్షరాల మూసలు కత్తిరించి దాచుకొంటే ఏ మాటకైనా సరిపోతాయి. మన తెలుగుకు గుణింతాలు, ఒత్తులు ఉన్నందున ఆ పద్ధతి కుదరదు. ప్రతి శీర్షికకూ కొత్తగా కత్తిరించవలసిందే. దానికి బదులు చేతిరాత గుండ్రంగా ఉన్న ఒక విద్యార్థి చేత పొడవాటి కాగితంపై కుంచెతో రాయిస్తున్నాము. పది నిమిషాల పని. నెలకొకరి వంతు.

థర్మోకోలు విషయం కూడా చెప్పుకోవాలి. అలంకరణకు వాడే థర్మోకోలును 2022 జూలై 1 నుండి దేశమంతటా నిషేధించారు. ఒకసారి వాడి పారవేసే ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అది చేరింది. ఇంకా ఎక్కడైనా వాడుతూ ఉంటే మానవలసిన బాధ్యత మనపై ఉన్నది.

ఎవరి కంటి ఎత్తులో?

బడులలో బోర్డులను పెద్దల ఎత్తుకు బిగిస్తారు. కింది అంచు నేల నుండి మూడు అడుగులు ఉంటే పై అంచు ఏడు అడుగులకు చేరుతుంది. ఎనిమిదేళ్ల పిల్లల కంటి ఎత్తు సుమారు 115 సెంటీమీటర్లు. పై వరుసలు వారికి మెడ ఎత్తితే తప్ప కనబడవు. మేము బోర్డును ఒక అడుగు కిందికి దించాము. ఇప్పుడు కింది అంచు రెండు అడుగుల ఎత్తున ఉన్నది. బోర్డు నడిమి భాగం పిల్లల కళ్లకు దాదాపు సమంగా వచ్చింది. పెద్దలు కొంచెం వంగి చూడవలసి వస్తున్నది. పిల్లల బొమ్మలను చూడటానికి ఆ మాత్రం వంగడంలో తప్పు లేదు.

అయినా నాలుగు వరుసలూ ఒకే స్థాయిలో కనిపించవు. కనుక ప్రతి నెలా వరుసలు మారుతాయి. ఈ నెల అట్టడుగున ఉన్నవారు వచ్చే నెల రెండో వరుసకు వస్తారు. నాలుగు నెలలలో ప్రతి ఒక్కరూ ప్రతి వరుసలోనూ ఉంటారు. షిఫ్టు రోటా తెలిసిన మనకు ఇది కొత్త సంగతి కాదు. బోర్డుపై మార్కులు, నక్షత్రాలు, ప్రథమ ద్వితీయ స్థానాలు రాయము. పోటీలకు వేరే సందర్భాలు ఉన్నాయి.

పేరు చీటీపై పెద్దల వ్యాఖ్య ఉండదు. తన బొమ్మ గురించి బిడ్డ చెప్పిన ఒక వాక్యం ఉంటుంది. రాయలేని చిన్నవారు చెబితే టీచరుగారు రాస్తారు. ఏ భాషలో చెబితే ఆ భాషలోనే. మా కాలనీలో తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీ, తమిళ కుటుంబాలు ఉన్నందున బోర్డు ముందు నిలబడి ఒకరి భాషను మరొకరు చదివించుకోవడం ఇప్పుడు తరచుగా కనబడే దృశ్యం.

ఏమి గీయించాలి?

ఒకే నియమం ఇచ్చి గీయిస్తే బోర్డు దానంతట అదే అందంగా కుదురుతుంది. అందరూ ఒకే రంగు వాడటం, లేదా గీతలతో మాత్రమే గీయడం, లేదా ఒకే విషయం తీసుకోవడం వంటివి. మాకు బాగా పండిన మూడు అంశాలను ఇక్కడ ఇస్తున్నాము.

మొదటిది "మా ఇంటి ముంగిలి". వివిధ రాష్ట్రాల కుటుంబాలు కలిసి నివసించే కాలనీలకు ఇంతకు మించిన అంశం లేదు. తెలుగువారి ముగ్గు, తమిళుల కోలం, బెంగాలీల ఆల్పన, ఒడిశా వారి ఝోటి, మిథిలా ప్రాంతపు అరిపన, రాజస్థాన్ మాండన, కేరళ పూక్కళం. అన్నీ నేలను అలంకరించేవే. కానీ ఒక్కొక్కదాని నడక వేరు. ముగ్గు, కోలం చాలావరకు చుక్కల లెక్కపై నడుస్తాయి. ఆల్పన, ఝోటి బియ్యపు పిండి నీళ్లలో వేలు ముంచి వేస్తారు. మార్గశిర మాసపు గురువారాలలో లక్ష్మీపూజకు ఒడియా ఇళ్లలో ఝోటి వేయడం ఆచారం. పిల్లలకు నల్ల కాగితం, తెల్ల చాక్‌పీసు ఇచ్చి, ఇంట్లో అమ్మనో నాయనమ్మనో అడిగి నేర్చుకొని రమ్మన్నాము. ఖర్చు దాదాపు లేదు. నలభైరెండు తెల్లని ముంగిళ్లు ఒకే బోర్డుపై చేరినప్పుడు, ఎన్నడూ బడి గేటు దాటి లోపలికి రాని పెద్దవారు కొందరు తమ ముగ్గును చూసుకోవడానికి వచ్చారు.

రెండవది పటం కథ. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు ఖాదీ గుడ్డకు సుద్దమట్టి, చింతగింజల జిగురు పూతలు వేసి, ఎర్రని నేపథ్యంపై కథలను గళ్లు గళ్లుగా చిత్రిస్తారు. కథ చెప్పేవారు ఆ పటాన్ని వేలాడదీసి, ఒక్కొక్క గడినీ చూపుతూ పాడుతూ చెబుతారు. ఆలోచించి చూస్తే బోర్డు ప్రదర్శనకు మన నేలపై పుట్టిన రూపం ఇదే. తరగతి అంతా కలిసి ఒక కథను ఎంచుకొని, దానిని నలభైరెండు ఘట్టాలుగా విడగొట్టి, తలా ఒక ఘట్టం గీస్తారు. ఒక్కరి బొమ్మ తీసివేసినా కథ తెగిపోతుంది. బొమ్మ చక్కగా గీయలేనన్న పిల్లవాడికి కూడా తన గడి లేకపోతే కథ నడవదని తెలుస్తుంది.

మూడవది రుద్దుడు బొమ్మలు. పలుచని కాగితం కింద ఆకును పెట్టి క్రేయానును అడ్డంగా పట్టుకొని రుద్దితే ఈనెలు సహా ఆకు ముద్ర పడుతుంది. నాణెం, దువ్వెన, అల్లిన చాప, శుభ్రం చేసిన పానా, పాత సైకిలు పళ్లచక్రం, దేనినైనా ఇలా రుద్దవచ్చు. ప్లాంటు నుండి మాత్రం లోహపు తునకలు తేవద్దని మనవి. అంచులు పదునుగా ఉండి చేతులు కోసుకొంటాయి. స్కెచ్ పెన్నుల రంగు వెలుతురుకు త్వరగా వెలిసిపోతుంది. క్రేయాన్లు, పోస్టరు రంగులు ఎక్కువకాలం నిలుస్తాయి.

తక్కువ ఖర్చులో పెద్ద పని

చౌకగా, త్వరగా చేసినది కళ అవుతుందా అని మా సహోద్యోగి ఒకరు సందేహం వెలిబుచ్చారు. దానికి మన దేశ చరిత్రలోనే సమాధానం ఉన్నది. 1938లో గుజరాత్‌లోని హరిపురాలో జరిగిన కాంగ్రెస్ మహాసభకు వచ్చే గ్రామీణులు చూసేందుకు వీలుగా చిత్రాలు వేయవలసిందిగా గాంధీజీ శాంతినికేతనంలోని నందలాల్ బోసు గారిని కోరారు. ఆయన డోలు వాయించేవారిని, వడ్రంగులను, పల్లె పనులలో ఉన్న స్త్రీలను బలమైన గీతలతో, మట్టిరంగులతో చిత్రించి, అట్టలపై అంటించి ప్రదర్శించారు. దారిన పోయే రైతు ఆగి చూసి గుర్తుపట్టాలన్నదే అక్కడి లక్ష్యం. ఆ చిత్రాలు ఈనాడు ఢిల్లీలోని జాతీయ ఆధునిక కళా ప్రదర్శనశాలలో గౌరవం పొందుతున్నాయి. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం, 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా కళను చదువులో అంతర్భాగంగా చూడాలని చెబుతున్నాయి. మాటను గోడ మీదికి తేవడం మాత్రం మన చేతిలో ఉన్న పని.

భద్రత మరువరాదు

కాగితమంటే ఇంధనం. స్విచ్ బోర్డులపైన, వాటి పక్కన బొమ్మలు వేలాడదీయరాదు. అగ్నిమాపక సిలిండరుకు, బయటికి దారి చూపే గుర్తుకు అడ్డు రాకూడదు. పండుగ పేరుతో బోర్డు చుట్టూ విద్యుత్ దీపాల తోరణాలు కట్టరాదు. బల్లపై కుర్చీ వేసి ఎక్కే అలవాటును పూర్తిగా మానుకోవాలి. పై వరుసను పెద్దలే గట్టి నిచ్చెన వేసుకొని మార్చాలి. ప్లాంటులో మనం పాటించే నియమాలు పిల్లలున్న చోట మరింత అవసరం.

చివరగా

బోర్డు నుండి దించిన బొమ్మను బిడ్డ పేరున్న ఫైలులో పెడుతున్నాము. ఏడాది చివర ఆ ఫైలు ఇంటికి వెళుతుంది. టీచరుగారికి ఇప్పుడు ఆదివారాలు మిగులుతున్నాయి. డ్రాయింగు పీరియడ్‌లో పిల్లల పక్కన కూర్చొని వారు ఏమి గీస్తున్నారో వినడానికి తీరిక దొరుకుతున్నదని ఆమె ఒకసారి మాతో అన్నారు. మేము ఆదా చేసిన గంటలు చేరవలసిన చోటు అదేనని అనుకొంటున్నాము.

7వ నంబరు బస్సు బొమ్మ గీసిన పాప ఇప్పుడు హైస్కూలుకు వచ్చింది. ఆనాడు ఆ బొమ్మను తుడిచి, ఆరబెట్టి, క్షమించమని అడిగి తిరిగి ఇచ్చాము. జిగురు మరక మాత్రం పోలేదు. ఆ పాప ఏమీ అనకుండా తీసుకొని వెళ్లింది. అది ఆ బోర్డుపైకి ఎన్నడూ ఎక్కలేదు. తరువాత ఎక్కిన బొమ్మలన్నీ దానివల్ల ఎక్కినవే.

సహోద్యోగులకు మా మనవి ఒకటే. వచ్చే నెలలో ఒక సాయంకాలం టేపు తీసుకొని మీ కాలనీ బడికి వెళ్లండి. ముందు తరగతిలోని పిల్లలను లెక్కపెట్టండి. తరువాత బోర్డును కొలవండి.